ఐదు వేలల్లో తంబూరా వినిపించాలి

ప్రశ్న: నమస్తే సార్. మాది గూడూరు. చెన్నైలో వేళచ్చేరి హాస్టల్లో ఉంటూ తరమణిలో ఉద్యోగం చేస్తున్నాను. శని, ఆదివారాలు మైలాపూర్‌లో సంగీతం క్లాసుకి వెళ్తాను. కచేరీలు బాగా వినాలని, హెడ్‌ఫోన్ కోసం ఐదు వేలు దాచుకున్నాను. షోరూమ్‌కి వెళ్తే హై-రెస్ స్టిక్కర్ ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్ చూపించి, 4,999కి ఇంతకన్నా మంచిది దొరకదన్నారు. ఆఫీసులో ఒకాయనేమో ఇరవై ఐదు వేలకి తక్కువ ఏది కొన్నా దండగే అంటున్నారు. నా ఫోన్‌కి పాత గుండ్రటి జాక్ లేదు. రూమ్‌లో నాతో పాటు ఇంకో ఇద్దరుంటారు. ఏది కొనాలో తేలక రెండు నెలలుగా టెన్షన్ పడుతున్నాను. ఇంకో సంగతి. నాన్నగారికి అరవై నాలుగేళ్ళు, పాత సినిమా పాటలంటే ప్రాణం. ఇదే డబ్బులో ఆయనకి కూడా ఏమైనా వస్తుందా? — ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అమ్మా, ముందు ఆ ఇరవై ఐదు వేల మాట మనసులోంచి తీసేయండి. పదిహేనేళ్ళ కిందటైతే ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉండేది. ఇప్పుడు లేదు. శ్రుతి శుద్ధంగా, గొంతు గొంతులా వినిపించే పరికరం మీ ఐదు వేలల్లో హాయిగా వస్తుంది. ఇంకా చెప్పాలంటే మూడు వేలల్లోనే వస్తుంది. మిగిలిన రెండు వేలు నాన్నగారికని పక్కన పెట్టండి, ఆ సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. 2017లో అమెరికా శబ్దశాస్త్ర సంఘం పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 283 హెడ్‌ఫోన్లు తీసుకుని, మంద్రం నుంచి పై స్థాయి దాకా ఏ ధ్వనిని ఎంత గట్టిగా పలుకుతున్నాయో కొలిచారు. ఆ కొలతల పక్కన వాటి ధరలు పెట్టి చూస్తే రెండింటికీ సంబంధమే కనబడలేదు. డబ్బు పెడితే మెత్తటి కుషన్లు వస్తాయి, గట్టి బాడీ వస్తుంది, మంచి సర్వీసు వస్తుంది. అవి కూడా విలువైనవే. కానీ ధర చూసి ధ్వని ఇలా ఉంటుందని చెప్పడం మాత్రం ఎవరివల్లా కాదు.

ఇక ఆ స్టిక్కర్. బంగారు రంగులో ఉండే ఆ హై-రెస్ గుర్తు జపాన్ ఆడియో సొసైటీ వాళ్ళది. హెడ్‌ఫోన్ 40,000 హెర్ట్జ్, అంటే సెకనుకి 40,000 కంపనాల దాకా పలకగలగాలన్నది దాని ముఖ్యమైన షరతు. మనిషి చెవికి ఎంత చిన్న వయసులోనైనా 20,000 దాటి వినబడదు. మీ సంగీతం సంగతే చూడండి. ఆడవాళ్ళు ఎక్కువగా పాడే ఐదున్నర శ్రుతిలో ఆధార షడ్జం 208 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తారస్థాయి పంచమం అందుకున్నా 623 దగ్గరే ఉంటారు. గొంతుకి జీవం పోసే అనుస్వరాలు (అసలు స్వరంతో పాటే దాని పైన సన్నగా మోగేవి), స, శ లాంటి అక్షరాల్లోని గాలి, వయొలిన్ కమాను గీత, ఇవన్నీ కలుపుకున్నా పది పన్నెండు వేల లోపే దాదాపు కచేరీ అంతా అయిపోతుంది. ఆ మేర చక్కగా పలుకుతుందా లేదా అన్నది ఆ స్టిక్కర్ చెప్పదు. స్టిక్కర్ ఉన్నవాటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి.

బ్లూటూత్ విషయంలో నా అభిప్రాయం ఖచ్చితంగా చెప్తాను: మీ బడ్జెట్‌లో వైరు ఉన్నదే కొనండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ధరలో బ్యాటరీ ఉంది, చిప్పు ఉంది, చిన్న ఆంప్లిఫయర్ ఉంది, మైకులున్నాయి, చార్జింగ్ సరంజామా ఉంది. ఇవన్నీ పోగా మిగిలిన డబ్బుతోనే అసలు ధ్వనిని పుట్టించే భాగం చేయాలి. ఇరవై వేల వస్తువులో అన్నింటికీ డబ్బు సరిపోతుంది. ఐదు వేల వస్తువులో ఎక్కడో ఒకచోట కోత పడక తప్పదు. పైగా రెండు మూడేళ్ళకి బ్యాటరీ నీరసించిపోతుంది, చాలావాటికి దాన్ని మార్చడం కూడా కుదరదు. వైరు ఉన్నదైతే జాగ్రత్తగా వాడుకుంటే పదేళ్ళయినా అలాగే పాడుతుంది.

పాడేవాళ్ళకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బ్లూటూత్‌లో ధ్వని ఆలస్యంగా వస్తుంది. చాలా సెట్లలో ఆ ఆలస్యం సెకనులో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఉంటుంది. సినిమా చూసేటప్పుడు యాప్ దాన్ని సర్దేస్తుంది కాబట్టి మనకి తెలియదు. కానీ ఫోన్‌లో కీబోర్డ్ యాప్ మీద స్వరం నొక్కి చూసుకున్నప్పుడు, రికార్డ్ చేసుకుంటూ మీ గొంతు మీరే వినాలనుకున్నప్పుడు ఆ కాస్త ఆలస్యమే తాళాన్ని తప్పిస్తుంది.

సరే, వైరున్నవాటిలో ఏ రకం? ఇక్కడ బ్రాండ్ కంటే ముందు, రోజులో మీరు ఎక్కడెక్కడ వింటారో చూసుకోవాలి. వేళచ్చేరి నుంచి తరమణికి, వారాంతాల్లో మైలాపూర్ స్టేషన్ తిరుమయిలైకి, మీ ప్రయాణమంతా ఒకే రైలు లైను మీద. రాత్రి రూమ్‌లో పక్కన ఇద్దరు పడుకుని ఉంటారు. ఈ రెండు చోట్లకీ సరిపడేది కావాలి.

చెవి మొత్తాన్ని కప్పే పెద్ద హెడ్‌ఫోన్లలో రెండు రకాలున్నాయి. వెనక జల్లెడలా తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకంలో సంగీతం విశాలంగా, కచేరీ హాల్లో కూర్చున్నట్టు వినిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. కానీ రైలు రొద నేరుగా లోపలికి వచ్చేస్తుంది, మీ పాట మీ రూమ్‌మేట్లకి వినబడుతుంది. కాబట్టి మీకు పనికిరాదు. వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ రకంలో ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్ మీ ఐదు వేల చుట్టుపక్కల దొరుకుతూ ఉంటుంది. నమ్మకమైన వస్తువు. అయితే దాని వైరు మూడు మీటర్లు, ఊడదీయడానికి రాదు. బల్ల ముందు కూర్చుని వినడానికి బాగుంటుంది గానీ కిక్కిరిసిన రైల్లో ఆ వైరుతో వేగలేరు.

చెన్నైలో పెద్ద హెడ్‌ఫోన్‌తో ఇంకో బాధ ఉంది, అనుభవించినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. కొన్నేళ్ళ కిందట నల్లటి ఫోమ్ లెదర్ కుషన్లున్నది ఒకటి ఇష్టపడి కొనుక్కున్నాను. రెండో ఎండాకాలం వచ్చేసరికి ఆ తోలు పొలుసులు పొలుసులుగా లేచింది. తల మీంచి తీసినప్పుడల్లా చెవుల మీద, మెడ మీద, చొక్కా కాలర్ మీద నల్లటి ముక్కలు. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా ఎక్కువ రాలేది. మన ఉక్కపోతకి, చెమటకి ఆ రకం తోలు తట్టుకోదు. విడిగా కుషన్లు దొరకని మోడల్ కావడంతో, బాగా పాడుతున్న హెడ్‌ఫోన్‌ని అలాగే అటక మీద పెట్టాల్సి వచ్చింది. మీరు ఎప్పుడైనా పెద్దది కొంటే కుషన్లు విడిగా దొరుకుతాయో లేదో ముందే అడగండి. మఖమల్ గుడ్డవి దొరికితే మరీ మంచిది.

అందుకే మీకు నేను చెప్పేది చెవి లోపల పెట్టుకునే ఐఈఎం (ఇన్-ఇయర్ మానిటర్) రకం. స్టేజి మీద పాడేవాళ్ళు తమ గొంతు తాము వినడానికి పెట్టుకునేవి ఇవే. రబ్బరు టిప్పు చెవి దారిని బిగుతుగా మూసేస్తుంది కాబట్టి రైలు గోల దూరంగా జరిగిపోతుంది, మీ పాట బయటికి పొక్కదు. గత కొన్నేళ్ళలో చైనా కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడి ఈ రకాన్ని మంచి చవక చేశాయి. సెవెన్ హెర్ట్జ్ జీరో 2, మూన్‌డ్రాప్ చు 2 అనే రెండూ రెండు వేలకి కాస్త అటూ ఇటూగా దొరుకుతున్నాయి. రెండింట్లోనూ గొంతు చక్కగా పలుకుతుంది, రెండింటికీ వైరు ఊడి వస్తుంది. ఈ ఊడి రావడం చిన్న విషయంగా తీసుకోకండి. హెడ్‌ఫోన్ పాడైందంటే ఎక్కువసార్లు పోయేది జాక్ దగ్గర మెలికపడే చోట వైరే. అలాంటప్పుడు వైరు ఒక్కటీ కొనుక్కుంటే సరిపోతుంది. కొనేటప్పుడు “0.78 టూ పిన్” అని అడిగితే చాలు.

ఫోన్‌కి జాక్ లేదన్నారు. దానికి డాంగిల్ అని చిన్న తోక లాంటిది దొరుకుతుంది, ఒక కొస ఫోన్‌లోకి, ఇంకో కొసన గుండ్రటి జాక్. వెయ్యి లోపు మంచివి ఉన్నాయి. లోపల డాక్ ఉన్నది అని గట్టిగా అడిగి తీసుకోండి. డాక్ అంటే ఫోన్‌లోని అంకెలని ధ్వనిగా మార్చే చిప్పు. అది లేని చవక డాంగిల్ కొన్ని ఫోన్లలో అసలు పలకదు. యాపిల్ వాళ్ళ చిన్న తెల్ల డాంగిల్ ఆ ధరకి చాలా శుభ్రంగా పాడుతుంది, కానీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకి తగిలిస్తే సౌండ్ బాగా తక్కువగా వస్తుంది. మీది ఆండ్రాయిడ్ అయితే ఎవరిదైనా అడిగి తగిలించి చూసి కొనండి. విడిగా ఆంప్లిఫయర్ కావాలేమో అన్న బెంగ మీకు అక్కర్లేదు. కరెంటుకి అడ్డుపడే నిరోధాన్ని ఓమ్‌లలో చెప్తారు. 250, 300 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్లకి ఫోన్ బలం చాలకపోవచ్చు గానీ ఇలాంటి ఐఈఎంలు చాలావరకు 16 నుంచి 32 ఓమ్‌ల మధ్యే ఉంటాయి, ఫోన్ సులువుగా మోయగలదు.

ఇప్పుడు అసలు పని, విని చూసుకోవడం. దీన్ని తొందరగా ముగించకండి.

మొదట టిప్పులు. డబ్బాలో మూడు సైజులు ఇస్తారు. చాలామంది అప్పటికే తగిలించి ఉన్న మధ్య సైజుతోనే విని, బేస్ లేదని తిరిగి ఇచ్చేస్తారు. నిజానికి సైజు సరిపోక చెవికీ రబ్బరుకీ మధ్య గాలి పోతుంటుంది, ఆ సందులోంచే బేస్ అంతా జారిపోతుంది. పరీక్ష సులువు. పాట పెట్టకుండా రెండూ పెట్టుకుని “మ్” అనండి. మీ గొంతు తలలోపల గుమ్మని మోగితే సరిగ్గా మూసుకున్నట్టు. ఒక పక్క మోగి ఇంకో పక్క మోగకపోతే ఆ పక్క సైజు మార్చండి. రెండు చెవులకి రెండు సైజులు పట్టడం మామూలే. పెద్ద హెడ్‌ఫోన్ల విషయంలో కూడా ఇదే. నేను కళ్ళజోడు పెట్టుకుంటాను. దాని కాడ కుషన్‌ని కాస్త పైకి లేపుతుంది. కళ్ళజోడు తీసి విన్న మృదంగం, పెట్టుకుని విన్న మృదంగం నాకు వేరు వేరు.

తర్వాత తంబూరా. ఒట్టి తంబూరా రికార్డింగ్ ఒకటి, యాప్‌లో వచ్చేది కాకుండా నిజమైన వాద్యాన్ని రికార్డ్ చేసింది, ఫోన్‌లో దింపుకోండి. కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వినండి. బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే జీవా దారం వల్ల ఒక్కో తీగలోంచి ఎన్నో అనుస్వరాలు లేస్తాయి. మంద్ర షడ్జం తీగ మోగినప్పుడు ఎవరూ మీటని అంతర గాంధారం సన్నగా పైకి తేలుతుంది. మీ గురువుగారు స్వయంభూ గాంధారం అని చెప్పే ఉంటారు. అది మీకు వెతుక్కోకుండా వినబడిందంటే ఆ హెడ్‌ఫోన్ మధ్య స్థాయి బాగున్నట్టే. షడ్జం ఒక్కటే బండగా మోగుతూ పైన ఏమీ లేకపోతే అది సంగీతానికి పనికిరాదు.

మూడోది మృదంగం ఉన్న కీర్తన. ఎడమ వైపు తొప్పి మీద రవ్వ ముద్ద అంటిస్తారు కదా, ఆ లోతైన నాదం, అరచేయి జారిస్తే వచ్చే గుంకీ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియాలి. బేస్ ఎక్కువ నింపిన హెడ్‌ఫోన్‌లో ఆ గుంకీ బురదలా పరుచుకుని గాయకురాలి మంద్రస్థాయి మీదికి వచ్చేస్తుంది. షోరూమ్‌లో మీకు చూపించిన రకాల్లో చాలావాటికి ఇదే జబ్బు. డ్యాన్స్ పాటకి అది హుషారుగా ఉంటుంది, కీర్తనకి ఉండదు. అదే పాటలో స, శ, ష వచ్చినప్పుడు సూదిలా గుచ్చుతుందేమో కూడా చూడండి. గుచ్చితే అరగంటకే చెవులు అలిసిపోతాయి. చివరగా మీకు కంఠతా వచ్చిన సినిమా పాట ఒకటి. అందులో ఎక్కడ ఏ వాద్యం వస్తుందో తెలుసు కాబట్టి ఏది పోయిందో ఇట్టే తెలుస్తుంది.

రెండింటిని పోల్చేటప్పుడు సౌండ్ రెండింట్లో ఒకే స్థాయిలో పెట్టుకోండి. ఇది మరిచిపోతే మిగతా పరీక్షలన్నీ వృథా. కాస్త గట్టిగా పాడేదే మన చెవికి మంచిదిగా తోస్తుంది. అమ్మేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. తమకి అమ్మాలని ఉన్నదాన్ని ఒక గీత ఎక్కువ పెట్టి ఇస్తారు, తమకి నచ్చిన పాటే పెడతారు. మీ ఫోన్, మీ పాట, మీ వేలు వాల్యూమ్ మీద. అంతే. పాటలు యాప్‌లో హై క్వాలిటీ పెట్టి దింపుకుంటే చాలు, లాస్‌లెస్ (ధ్వనిలో ఏదీ తీసేయకుండా దాచిన ఫైళ్ళు) కోసం నెలనెలా ఎక్కువ డబ్బు కట్టక్కర్లేదు.

ఎక్కడ కొనాలంటే, ఐఈఎంలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. చెవిలో పెట్టుకునే వస్తువు కాబట్టి డబ్బా విప్పాక కొందరు వెనక్కి తీసుకోరు. ఆర్డర్ పెట్టకముందే ఆ షరతు చదవండి, మన దేశంలో వారంటీ ఉందో లేదో చూసి బిల్లు దాచుకోండి. చేత్తో పట్టుకుని చూడాలంటే మీ లైనులోనే చింతాద్రిపేటలో దిగి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్ళండి. డాంగిళ్ళకీ, వైర్లకీ, తెగిన జాక్ సోల్డరింగ్ చేయించుకోవడానికీ మంచి చోటు. కానీ పేరున్న బ్రాండ్ హెడ్‌ఫోన్‌ని ఎవరైనా సగం ధరకి ఇస్తామంటే ఆగి ఆలోచించండి. అది ఫస్ట్ కాపీ, అంటే నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ, దాని డబ్బా అచ్చు అసలుదానిలాగే ఉంటుంది. బిల్లు ఇవ్వమని అడిగితే తెలిసిపోతుంది.

సాధనకి వాడుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. రెండు చెవులూ మూసుకుని పాడితే మీ గొంతు మీకే బొంగురుగా, లోపలినుంచి మోగుతున్నట్టు వినిపిస్తుంది, ఆ మోతలో శ్రుతి తేడా తెలియదు. ఒక చెవిలోనే తంబూరా పెట్టుకుని ఇంకో చెవి తెరిచి ఉంచండి.

చెమట తగిలాక మెత్తటి పొడిగుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టండి. కొన్నాళ్ళకి ఒక పక్క సౌండ్ తగ్గితే పాడైపోయిందని కంగారు పడకండి, చాలాసార్లు మూతి దగ్గర సన్నటి జాలీలో గులిమి అడ్డుపడి ఉంటుంది. జాలీని కిందికి వంచి పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో దులిపితే మళ్ళీ పలుకుతుంది. ఎవరితోనూ పంచుకోకండి, రూమ్‌మేట్లతో కూడా.

మీరు అడగకపోయినా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5 గంటలే. రైల్లో వదులు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళు చక్రాల రొదని మించాలని సౌండ్ పెంచుకుంటూ పోతారు. మీకు ఐఈఎం చెప్పడానికి నాకున్న పెద్ద కారణం ఇదే, బయటి గోల తగ్గితే మీరు చిన్నగా వినగలుగుతారు. స్టేషన్ దిగి రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండూ తీసి చేతిలో పట్టుకోండి.

ఇప్పుడు నాన్నగారు. ఆయనకి హెడ్‌ఫోన్ కొనకండి. ఆయన ఇష్టపడే పాతకాలం పాటలు, ముఖ్యంగా మద్రాసు స్టూడియోల్లో ఆ రోజుల్లో రికార్డయినవి, దాదాపు అన్నీ మోనోలో ఉంటాయి. అంటే కుడి ఎడమలు లేవు, రెండు చెవుల్లోకీ ఒకటే ధ్వని వెళ్తుంది. హెడ్‌ఫోన్‌లో వింటే గాయకుడు సరిగ్గా తల మధ్యలో కూర్చుని పాడుతున్నట్టుంటుంది. కాసేపు బాగానే ఉంటుంది, గంటయ్యేసరికి తల బరువెక్కుతుంది. అదే పాట గది మూలనున్న చిన్న స్పీకర్‌లోంచి వస్తే రేడియోలో విన్నట్టు, ఆయనకి అలవాటైనట్టు ఉంటుంది. పైగా అమ్మగారు కూడా వింటారు. మిగిలిన రెండు వేలకి చిన్న బ్లూటూత్ స్పీకర్ వస్తుంది. స్పీకర్ గదిలో ఉంటుంది, ఆయన తాళం వేసి పాడరు కాబట్టి ఇక్కడ బ్లూటూత్‌కి నా అభ్యంతరం ఏమీ లేదు. గొంతు స్పష్టంగా ఉన్నది, బటన్లు పెద్దగా ఉన్నది చూడండి.

ఆ వయసులో సన్నటి పై స్థాయి ధ్వనులు అందరికీ కొంత తగ్గుతాయి. మాటల్లో స, త, ఫ లాంటివి కలిసిపోయినట్టు అనిపించడం దానికి తొలి గుర్తు. ఈసారి గూడూరు వెళ్ళినప్పుడు ఆయన టీవీ సౌండ్ ఎంత పెడుతున్నారో, మీరు వెనకనుంచి మామూలుగా పిలిస్తే పలుకుతున్నారో లేదో గమనించండి. తేడా ఉందనిపిస్తే స్పీకర్ కొనేముందు చెవి డాక్టర్‌కి ఒకసారి చూపించి, ఏమన్నారో నాకు రాయండి.